ఒక ప్లాంట్ బాగా నడిపేవాళ్లలో మూడు ప్లాంట్లు నడపగలిగేది ఎవరో ఎలా తేల్చాలి?

ప్రశ్న (ఫార్మా హెచ్‌ఆర్, జడ్చర్ల):
నమస్కారం అండి. మా మూడు ప్లాంట్లకూ కలిపి ఒక ఆపరేషన్స్ హెడ్‌ని లోపలివాళ్లలోంచే తీసుకోవాలనుకుంటున్నారు. ఇద్దరు జీఎంలు ఉన్నారు. ఒకాయన టార్గెట్ తప్పిన నెల లేదు, పొద్దున ఆరింటికే షాప్‌ఫ్లోర్‌లో ఉంటారు. ఇంకొకావిడ నంబర్లు కాస్త తక్కువే గానీ, ఆవిడ కింద పనిచేసినవాళ్లు వేరేచోట్ల హెడ్లయ్యారు. ఇప్పటి పనితీరు (పెర్ఫార్మెన్స్) ఒకవైపు, ముందు ముందు ఎదగగల సత్తా (పొటెన్షియల్) ఇంకోవైపు పెట్టి మనిషిని అంచనా వేసే తొమ్మిది గళ్ల పట్టికలో పెర్ఫార్మెన్స్ నింపడం తేలికే. పొటెన్షియల్ దగ్గరే ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. 'ఆయనలో లీడర్ కళ ఉంది' అని ఒకరనగానే కమిటీ అంతా తలూపింది. దేన్ని చూసి తేల్చాలి?

జవాబు (రిటైర్డ్ ప్లాంట్ హెడ్):
ముందు ఆ 'కళ' మాట పక్కన పెట్టించండి. పోయినసారి యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్లు 483, అంటే తనిఖీలో కనిపించిన లోపాల జాబితా, ఇచ్చి వెళ్లాక ఇద్దరూ ఏం చేశారో ఫైళ్లు తీసి చూడండి. జవాబుకి 15 పనిదినాలే టైం. మనిషేమిటో ఆ టెన్షన్‌లోనే తెలుస్తుంది. 'ఆపరేటర్ పొరపాటు, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం' అని మూసేసిన డీవియేషన్లు (పద్ధతి తప్పిన సంఘటనలు) ఎవరి దగ్గర ఎక్కువ? అదే తప్పు మళ్లీ వచ్చిందా? అసలు కారణం పట్టుకుని బ్యాచ్ రికార్డులో (మందు తయారీ దశలన్నీ రాసి ఉండే పత్రంలో) ఆ స్టెప్పునే మార్పించింది ఎవరు?

సెలవుల్లో ఏం జరిగిందో కూడా అడగండి. నాకు తెలిసిన ఒక జీఎం కూతురి పెళ్లిలో, మండపం పక్కన నిలబడి గ్రాన్యులేషన్ (మందు పొడిని గుళికలుగా చేసే పని) ఎప్పుడు ఆపాలో ఫోన్లో చెబుతున్నారు. ఎంత శ్రద్ధో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ చిన్న నిర్ణయం తీసుకునే మనిషిని ఆయన తయారుచేసుకోలేదే అని నాకు బాధేసింది. మీ జీఎం గారు మూడు ప్లాంట్లు చేతికొచ్చాక ఆరింటికి ఏ షాప్‌ఫ్లోర్‌లో ఉంటారు?

జవాబు (లీడర్‌షిప్ అసెస్‌మెంట్ పని చేస్తాను):
పై మాటకి తోడుగా, రాబోయే ఉద్యోగంలోని పనినే ఇప్పుడు చేయించి చూడండి. అమెరికాలో ఏటీ అండ్ టీ 1956లో మొదలుపెట్టిన పరిశీలనలో మేనేజర్లకు ఉత్తరాలు, మెమోలు నిండిన ట్రే ఇచ్చి ఏది ముందు తేలుస్తారో గమనించారు. మీరైతే ఒక మిషన్ ఆగిన ప్లాంటు, ఆడిట్ దగ్గరపడ్డ ప్లాంటు, మనుషులు మానేస్తున్న ప్లాంటు కాగితాలు ఒకేసారి ఇవ్వండి. ఇద్దరికీ అవే కాగితాలు, అవే ప్రశ్నలు. మార్కులు ఎవరికి వారే వేశాకే కమిటీ మాట్లాడుకోవాలి.

ఆవిడ విషయంలో ఇంకో జాగ్రత్త. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద రిటైల్ సంస్థ రికార్డుల మీద జరిగిన అధ్యయనంలో, ఆడవాళ్లకు పెర్ఫార్మెన్స్ రేటింగ్ ఎక్కువొచ్చినా పొటెన్షియల్ రేటింగ్ తక్కువ పడింది. అదే పొటెన్షియల్ రేటింగ్ ఉన్న మగవాళ్ల కంటే తర్వాత వాళ్లే బాగా చేశారు.

ప్రశ్న అడిగినవారు:
ఫైళ్లు రేపే తెప్పిస్తాను. ఒకవేళ ఆయనకి రాకపోతే రాజీనామా చేస్తారేమోనని భయం.

జవాబు (రిటైర్డ్ ప్లాంట్ హెడ్):
కబురు మెయిల్‌లో కాదు, ఎండీ గారి చేత ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించండి. ఆ ప్లాంటులోనే ఉంచి జీతం, గ్రేడ్ పెంచే వీలుందో లేదో అసెస్‌మెంట్‌కి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.