అమ్మ ఒక్కతే ఉండటానికి విశాఖలో ఏ ఏరియా మంచిది?

పార్వతీపురం అబ్బాయి:
అందరికీ నమస్కారం. నా ఉద్యోగం పుణెలో. నాన్నగారు పోయాక అమ్మ పార్వతీపురంలో ఒక్కతే ఉంటోంది. వయసు 66. నా దగ్గరకు రమ్మంటే భాష రాని ఊళ్ళో ఉండలేనంటుంది. విశాఖ అయితే సరేనంది, పిన్ని వాళ్ళు అక్కడే ఉన్నారు. రెండు ఇళ్ళు చూశాను. ఒకటి మధురవాడలో హైవేకి బాగా లోపల, గేటెడ్ కమ్యూనిటీలో పెద్ద ఫ్లాట్, బాల్కనీలోంచి కొండ కనిపిస్తుంది. రెండోది ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్, చిన్నది, అద్దె దాదాపు అంతే. నా మనసు మొదటిదాని మీదుంది. అమ్మకి బండి నడపడం రాదు, మోకాళ్ళు కొంచెం నొప్పి. అక్కడ ఉంటున్నవాళ్ళు చెప్పండి.

కొమ్మాది వాసి:
హైవే మీద బస్సులకి కొదవ లేదు. కానీ "బాగా లోపల" అన్నారే, అది ఎంత దూరమో చూసుకోండి. మా అత్తగారు హైవే దాకా రావాలంటేనే ఆటో పిలవాలి. మేం ఆఫీసుకి వెళ్తే సాయంత్రం దాకా ఆవిడ గడప దాటరు.

వాల్తేరు టీచరమ్మ:
బాబూ, ఎంవీపీ ఇల్లే తీసుకోండి. నేను రిటైరైన టీచర్ని, మీ అమ్మగారికంటే కాస్త పెద్దదాన్ని, ఒక్కదాన్నే ఉంటాను. ఆవిడకి కొండ కనిపించే బాల్కనీ కంటే నడిచి వెళ్ళగలిగే బస్టాపు ముఖ్యం.

పొద్దున్నే రైతుబజారుకి నడిచి వెళ్తాను. ఆ రోజు ధరలు బోర్డు మీద ఉంటాయి, బేరమాడే పని లేదు. రెండ్రోజులు కనపడకపోతే వంకాయలమ్మే అమ్మాయి "ఏటమ్మా, ఊరెళ్ళారా?" అని అడుగుతుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఆ పలకరింపు చాలా అవసరం. గేటెడ్ కమ్యూనిటీలో సరుకులు తలుపు దాకా వస్తాయి గానీ, ఈ మనిషి రాదు.

మోకాళ్ళ సంగతంటారా, నడక కంటే మెట్లతోనే బాధ. లిఫ్టు ఉందా, కరెంటు పోతే పనిచేస్తుందా అని అడగండి. లేదంటే కింద వాటా దొరికేదాకా ఆగండి. ఆసుపత్రికి హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది, పెద్ద జబ్బులకి కేజీహెచ్. బీపీ మాత్రలకి అంత దూరం అక్కర్లేదు, పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు.

ఇక బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్రం ఆడవాళ్ళకి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, అది అడిగి తీసుకోవాలి. సూపర్ లగ్జరీ లాంటివాటికి వర్తించదు, వాటిల్లో 60 దాటినవాళ్ళకి 25 శాతం రాయితీ ఉంది. రైళ్ళలో పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలో తీసేశారు, అది నాకు ఇప్పటికీ బాధే. ఉచితం అయ్యాక బస్సుల్లో రద్దీ పెరిగిన మాట నిజం. కాలేజీ వేళల్లో కాకుండా పది దాటాక ఎక్కమనండి.

నాకు చాలా ఇష్టమైన ప్రయాణం భీమిలి. 900కె ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే రుషికొండ దాటాక సముద్రం కనిపిస్తూ పోతుంటుంది. ఎర్రమట్టి దిబ్బలు దాటితే భీమిలి. అక్కడ గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి, డచ్చివాళ్ళ పాత సమాధుల పక్కనుంచి నడిచి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని, ఎండ తగ్గేసరికి ఇంటికి వచ్చేస్తాను. విజయనగరానికి ఆర్టీసీ కాంప్లెక్సులో ఎక్స్‌ప్రెస్ బస్సు దొరుకుతుంది. పైడితల్లి చదురుగుడి మూడు లాంతర్ల దగ్గరే, గురజాడ వారి ఇల్లు కూడా చూడొచ్చు. సొంత ఊరి మీద బెంగ పుడితే రాయగడ వైపు వెళ్ళే రైలు ఉంది, బొబ్బిలి మీదుగా పార్వతీపురంలో దింపుతుంది. ఇవేవీ ఎవరి తీరికా చూసుకుని చేసే పనులు కావు, ఆవిడకి అనిపించిన రోజు బయల్దేరవచ్చు.

పార్వతీపురం అబ్బాయి:
చాలా థ్యాంక్సండీ. ఒక్కటే సందేహం. అమ్మ ఎప్పుడూ ఒక్కతే బస్సెక్కలేదు, ఎక్కడికైనా నాన్నే తీసుకెళ్ళేవారు. భయపడుతుందేమో.

వాల్తేరు టీచరమ్మ:
మొదట్లో తోడుండాలి, పిన్నిగారు ఉన్నారు కదా. ముందు దగ్గరి చోటుకే వెళ్ళమనండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పేపర్లు, పత్రికలు చదువుకోవచ్చు. బస్సు నంబర్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసివ్వండి. దిగే స్టాపు కండక్టరుకి ఎక్కగానే చెప్పమనండి.

ఇంకొకటి. ఫొటోలు పంపి ఇల్లు ఖాయం చెయ్యకండి. అమ్మగారిని తీసుకొచ్చి ఆ గుమ్మం నుంచి బస్టాపు దాకా ఆవిడ నడకతో నడిచి చూడండి, రోడ్డు దాటే చోటు కూడా. వచ్చే రోజు ఇక్కడ రాయండి, రైతుబజారు గేటు దగ్గర కలుస్తాను.