లాగ్‌బుక్‌లో సంతకాలు లేని జంప్‌లు యూఎస్‌పీఏ (అమెరికా పారాచూట్ సంఘం) లెక్కలోకి వస్తాయా?

డాలస్‌లో ఉంటున్నాను. స్కైడైవింగ్ నేర్చుకుంటూ ఇప్పటికి 19 జంప్‌లు చేశాను (అమ్మకి ఇంకా చెప్పలేదు). యూఎస్‌పీఏ 'ఎ' లైసెన్సుకి కనీసం 25 కావాలి కదా. చిక్కేమిటంటే, 14 నుంచి 17వ జంప్ దాకా లాగ్‌బుక్‌లో తేదీ, 13,500 అడుగులు అని నా చేతిరాత ఉంది, పక్కన సంతకం గడి మాత్రం ఖాళీ. "తర్వాత పెడతాలే" అన్న ఇన్‌స్ట్రక్టర్ ఊరే మారిపోయారు. డ్రాప్‌జోన్ (స్కైడైవింగ్ కేంద్రం) వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు.

నాకు అర్థమైనంతవరకు విమానం, పైలట్, రిజర్వ్ పారాచూట్‌ని 180 రోజులకోసారి మడతపెట్టించడం లాంటివి ఎఫ్‌ఏఏ (అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ) పరిధి. శిక్షణ, లైసెన్సులు యూఎస్‌పీఏ చూస్తుంది, అది సభ్యుల సంఘమే తప్ప ప్రభుత్వ శాఖ కాదు. మరి ఈ గొడవ ఎవరికి చెప్పుకోవాలి? యూఎస్‌పీఏలో మా ప్రాంతం చూసే రీజినల్ డైరెక్టర్‌కి మెయిల్ పెడితే పట్టించుకుంటారా? విమానంలో నాతో దూకినవాళ్ళ సంతకం చెల్లుతుందా, లేక ఆ నాలుగూ మళ్ళీ డబ్బు కట్టి దూకాల్సిందేనా?

ఇంకొకటి. వచ్చే ఏడాది హైదరాబాద్ వచ్చేస్తున్నా. యూఎస్‌పీఏ లైసెన్సుతో ఇండియాలో సోలోగా దూకినవాళ్ళు ఉంటే, ఏ కాగితాలు అడిగారో చెప్పండి ప్లీజ్.