రోగి పాత్ర ఎవరితో వేయించాలి?

పోషకాహార శాస్త్రం పీజీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. ఆసుపత్రికి పంపే ముందు వారికి రోగులుగా నటించేవారితో అభ్యాసం చేయించాలనుకుంటున్నాను. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు వైద్య విద్యార్థుల కోసం మొదలుపెట్టిన పద్ధతే ఇది.

మొదటిసారి విద్యార్థులనే ఒకరికొకరు రోగులుగా కూర్చోబెట్టాను. అంతా నవ్వులాటగా ముగిసింది. మధుమేహం ఉన్న 55 ఏళ్ల రైతు పాత్ర వేసిన అమ్మాయి, నిన్న తిన్నవన్నీ గ్రాములతో సహా అప్పజెప్పింది! నిజం రైతు అలా చెబుతాడా? "ఏముందమ్మా, అన్నం, పప్పు, కాస్త మజ్జిగ" అంటాడు. అన్నం ఎంత, ఊరగాయ ఎంత, రోజుకు టీలు ఎన్ని, ఒక్కో టీలో చక్కెర ఎన్ని చెంచాలు అన్నవి నొప్పించకుండా రాబట్టాలి. నేర్పాల్సింది అదే.

నటులకు డబ్బిచ్చే స్తోమత మా కళాశాలకు లేదు. రిటైరైన ఉపాధ్యాయులో, నాటక సమాజాల వారో ఈ పనికి కుదురుతారా? వారికి ఎన్ని గంటల తర్ఫీదు కావాలి? పాత్ర వివరాలు ఎంతవరకు రాసివ్వాలి, ఎంత వారికే వదిలేయాలి? అభ్యాసం అయ్యాక విద్యార్థి తీరు గురించి ముందు ఆ పాత్రధారి మాట్లాడాలా, నేను మాట్లాడాలా? చేసి చూసినవారు ఉంటే, బెడిసికొట్టిన ప్రయత్నాలు కూడా దాచకుండా చెప్పండి.