లేపాక్షి పైకప్పు, లండన్ పైకప్పు: బొమ్మ ఎవరి కోసం?

పెన్నేటి_గట్టు:
నిన్న లేపాక్షి పోయింటిమి. జనమంతా వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగేదాంట్లోనే ఉన్నారు, తలెత్తి చూసేవాడు ఒకడూ లేడు. నేను మెడ పట్టేసేదాకా చూసినా. పైకప్పు మీద రంగుల బొమ్మ, 24 అడుగుల వీరభద్రుడు, ఆయన పక్కనే గుడి కట్టించిన విజయనగర అధికారులు విరుపణ్ణ, వీరణ్ణ పొడుగు కుళ్ళాయిలు పెట్టుకోని పరివారంతో సహా. దేవుడి పక్కన అధికారి బొమ్మ! లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసు పైకప్పు మీద 1778లో స్పిరిడియోన్ రోమా వేసింది గూడా ఇదే టైపు గదా?

కడప_కారందోశ:
ఏం పోలికన్నా అది. మా వీధి గుడిలో ట్యూబ్‌లైట్ ఇచ్చినాయన వెలుతురు పడకుండా దానిమీదే పేరు రాయించుకున్నాడు, ఆయనది గూడా సామ్రాజ్యమేనా 😀

పెన్నేటి_గట్టు:
నవ్వుకో. లండన్ బొమ్మలో బ్రిటానియా (బిస్కెట్లది కాదు సామీ, ఇంగ్లండ్ దేశాన్నే ఆడమనిషిగా వేసినారు) రాతి మీద ఎత్తులో కూర్చోని ఉంటుంది, కింద నుంచి ఇండియా ముత్యాలు, కిరీటం అందిస్తాంటాది, చైనా పింగాణీ జాడీ పట్టుకోని ఉంటాది. లాక్కున్నట్టు యాడా లేదు, వాళ్ళే తెచ్చి ఇస్తాండారు. అది ఉండింది రెవెన్యూ కమిటీ రూములో. 22 ఏండ్లకు నిజాం మన దత్తమండలాలు (మన సీమ జిల్లాలే) కంపెనీకి రాసిచ్చె, కంపెనీ కలెక్టరు మన్రో శిస్తు వసూలుకు దిగె.

దత్తమండలం_రైతు:
అదే నేను చెప్పేది, ఆ బొమ్మను మన రైతు యాడ చూసినాడు? చూసింది ఆ రూములో కూర్చునే దొరలే. మనల్ని భయపెట్టేదానికి కాదు, వాళ్ళ మనసు వాళ్ళు సర్దిచెప్పుకునేదానికి వేయించుకున్నారు. లేపాక్షి వేరే లెక్క. అదే గుడి కప్పుమీద మనునీతి చోళుడి కథ ఉంది చూసినావా, దూడను రథంతో తొక్కిచ్చినాడని సొంత కొడుకునే శిక్షించిన రాజు. రాజు ఖజానా సొమ్ముతో గుడి కట్టినాడని చెప్పే విరుపణ్ణ నెత్తిన తీర్పు గూడా ఉండాదన్నమాట. బ్రిటానియాను లెక్క అడిగేవాడు ఆ బొమ్మలో ఎవడున్నాడు?

కడప_కారందోశ:
ఆ చోళుడి కథ గూడా రాజులకు పబ్లిసిటీనే కదన్నా, 'మా రాజు కొడుకునైనా వదలడు' అని. అయినా రాజు విరుపణ్ణను లెక్క అడిగితే ఏమైందో గోడ మీద ఎర్ర మరకలు చూపిచ్చి చెప్తారు గదా, ఆయన తన కండ్లు తానే పీకి గోడకేసి కొట్టినాడని. నిజమో కథో గానీ, పైన బొమ్మకంటే ఆ మరకల కాడే జనం ఎక్కువ నిలబడతారు.

పెన్నేటి_గట్టు:
నేనూ నిలబడినాలే. ఫొటో రాత్రికి పెడతా.