కలుపు మందులు మగ జంతువుల సంతాన శక్తిని దెబ్బతీస్తాయా?

సెలయేరు:
దెబ్బతీస్తాయనే నేనంటాను. అట్రజిన్ అనే కలుపు మందు సంగతే చూడండి. 2010లో అమెరికా జీవశాస్త్రవేత్త టైరోన్ హేస్ బృందం లీటరుకు 2.5 మైక్రోగ్రాముల అట్రజిన్ కలిపిన నీళ్లలో 40 మగ కప్పలను తోకకప్ప దశ నుంచి పెంచింది. వాటిలో నాలుగు ఆడవిగా మారాయి, ఆ నాలుగింటిలో రెండు మామూలు మగ కప్పలతో జతకట్టి గుడ్లు పెట్టాయి. మిగతావాటిలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పడిపోయింది, వీర్యకణాలు తగ్గాయి. అమెరికాలో తాగునీటికి పెట్టిన హద్దేమో లీటరుకు 3 మైక్రోగ్రాములు! ఇంకేం రుజువు కావాలి?

లెక్కమనిషి:
అంత తేలిగ్గా ఒప్పుకోలేనండీ. 2009లో క్లోస్ అనే శాస్త్రవేత్త బృందం అదే జాతి కప్పలను లీటరుకు 0.01 నుంచి 100 మైక్రోగ్రాముల దాకా అట్రజిన్‌తో, రెండు ల్యాబుల్లో పరీక్షించింది. వృషణాల్లో ఏ తేడా కనిపించలేదు. పైగా కప్ప చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటుంది. దాన్ని చూపించి ఎద్దుకూ ఇంతే అనడం సబబు కాదు.

సెలయేరు:
ఆ పరీక్షకు డబ్బు పెట్టింది అట్రజిన్ తయారుచేసే సింజెంటాయే కదా!

లెక్కమనిషి:
డబ్బు ఎవరిదైనా, లెక్కలో తప్పెక్కడో చూపించాలి.

పశువైద్య విద్యార్థి:
తప్పు సంగతి పక్కన పెట్టండి, చూసిన కాలంలోనే తేడా ఉంది. క్లోస్ బృందం కప్పలను తోక పోయి కప్పగా మారేదాకా, మహా అయితే 83వ రోజు దాకా గమనించింది. హేస్ బృందం మూడేళ్ల దాకా ఉంచింది. జతకడుతుందా, గుడ్లు పెడుతుందా అన్నది పెద్దయితేగానీ తెలియదు. అందుకే క్లోస్ పరీక్షతో ఈ విషయం తేలిపోయిందంటే నాకు బాధేస్తుంది.

ఇక కప్పలు వద్దంటే ఎలుకలనే చూద్దాం. లినురాన్ అనే కలుపు మందు మగ హార్మోన్ అతుక్కోవాల్సిన గ్రాహకానికి అడ్డుపడుతుంది. చూడి ఎలుకకు దాన్ని ఇస్తే, పుట్టిన మగపిల్లల్లో వీర్యకణాలు పక్వమయ్యే ఎపిడిడిమిస్ సరిగా ఏర్పడదు. తల్లి కడుపులో ఉన్న ఆ కొద్దిరోజులే కీలకం. అదే మందు పెద్ద ఎలుకకు ఇస్తే అంత హాని కనిపించదు. పెద్ద జంతువును మాత్రమే పరీక్షించి భయం లేదనేవాళ్లు వదిలేస్తున్నది ఈ దశనే.

అట్రజిన్‌కు అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ సురక్షిత మోతాదు కట్టింది కూడా ఎలుకల్లో ఎల్‌హెచ్ (మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వదిలే) హార్మోన్ తగ్గడాన్ని బట్టే. అవి ఆడ ఎలుకలే, నిజమే. కానీ మగవాటిలో టెస్టోస్టిరాన్ తయారుచేయమని వృషణాలకు చెప్పేదీ ఇదే హార్మోన్.

లెక్కమనిషి:
లినురాన్ విషయం ఒప్పుకుంటున్నాను, యూరప్ కూడా 2017లో దాని అనుమతిని పొడిగించలేదు. మరి గ్లైఫోసేట్ అనే కలుపు మందో? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ప్రమాదకరమందిగా?

పశువైద్య విద్యార్థి:
అది క్యాన్సర్ గురించండీ, వీర్యం గురించి కాదు. రెండూ కలపకండి. ఎద్దులో ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 61 రోజులు పడుతుంది. మందు కొట్టిన వారానికే వీర్యం పరీక్ష చేయించి అంతా బాగుందంటే నేను నమ్మను. రెండు నెలలు దాటాక చేయించమంటాను.