రంగురాళ్ళ గ్రూపులో రఫ్ (ఇంకా కోయని) రాళ్ళు అమ్మాలనుకుంటున్నా, ముందు నమ్మకం ఎట్లా సంపాదించాలె?

మల్కాజ్‌గిరి_కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను ఇక్కడ చేరి మూడు వారాలైంది, ఇప్పటిదాకా మీరు రాసేవి చదువుడే తప్ప నేను రాసింది ఏం లేదు. మా మేనమామ ఒడిశాల కలహండి జిల్లాల చాన ఏండ్లు రోడ్డు కాంట్రాక్టు పనులు చేసిండు, అక్కడున్నప్పుడే రాళ్ళ మీద ఇష్టం పుట్టి దొరికినప్పుడల్లా కొని స్వీటు డబ్బాలల్ల దాచుకున్నడు. పోయినేడు ఆయన కాలం చేసిండు. అత్తమ్మ ఆ డబ్బాలన్నీ నా చేతుల పెట్టి, "నీకు వీటి మీద ఇష్టం కదరా, అమ్ముడుపోతే చెల్లె కాలేజీ ఫీజుకన్నా పనికొస్తయి" అన్నది. తూకమేస్తే రెండు కిలోల పైనే ఉన్నయి. ఎక్కువ ద్రాక్షపండు రంగు గార్నెట్లు, కొన్ని తేనె రంగువి గోమేధికాలు అనుకుంటున్నా, ఒక చిన్న డబ్బా మీద మామ చేతిరాతతోని "కెంపు" అని చీటీ ఉంది.

పోయిన ఆదివారం నాలుగు ఫోటోలు పెట్టి "ఒడిశా గార్నెట్, కెంపు రఫ్, ఏ గ్రేడ్, కావాల్సినోళ్ళు ఇన్‌బాక్స్‌ల రేటు అడుగుండ్రి" అని రాసిన. ఒకాయన "ఎవరన్నా నువ్వు" అన్నడు, ఇంకొకాయన ఈ ఫోటోలు నెట్‌ల నుంచి తీసినవా అని అడిగిండు, సాయంత్రానికి అడ్మిన్ పోస్టు తీసేసి మర్యాదగనే మెసేజ్ పెట్టిండు. నాకు చాన బాధయింది, ఎందుకంటే నేను ఎవర్నీ మోసం చేయనీకి రాలేదు, అవి నిజం రాళ్ళే. ఇప్పుడు ఏం చేయాల్నో చెప్పుండ్రి. ఎన్ని నెలలు ఆగాలె? అన్నిటికీ ల్యాబ్ రిపోర్టులు తీయాల్నా? ముందు కొందరికి ఫ్రీగ శాంపిల్స్ ఇస్తే నమ్ముతరా? జూన్‌ల ఫీజు కట్టేది ఉంది, అందుకే కొంచెం తొందర.

నాచారం_ఫేసెటర్:

తమ్ముడూ, ఫోటోలు నెట్‌లోవా అని అడిగింది నేనే. బాధపెట్టినందుకు సారీ, కానీ ఎందుకు అడిగానో చెప్తాను, అది తెలిస్తే మిగతాది నీకే అర్థమవుతుంది.

నేను ఇంట్లో మెషిన్ పెట్టుకుని ఐదేళ్ళుగా రాళ్ళు కోస్తున్నాను, వ్యాపారం కాదు, శనాదివారాల ఇష్టం. మూడో ఏడు అనుకుంటా, వేరే గ్రూపులో రెండు వారాల కిందట చేరిన ఒకతను కెంపు రఫ్ అని పెట్టాడు, ఫోటోలో రంగు అంత బాగుంది, పద్నాలుగు వేలు పంపేశాను. రాయి వచ్చింది, చేతిలో బరువుగానే ఉంది, సరే అనుకుని లక్కతో కడ్డీకి అతికించి ల్యాప్ (రాయిని అరగదీసే తిరిగే పళ్ళెం) మీద పెట్టి పాలిష్ దాకా తీసుకెళ్తే ముఖం మీద కొన్నిచోట్ల మెరుపు, కొన్నిచోట్ల గీతలు గీతలుగా మసక, లూప్‌లో (చిన్న భూతద్దంలో) చూస్తే ఆ గీతల్లో బుడగలు, రాయి తిప్పితే లోపల నీలం తళుకు. పగుళ్ళన్నీ సీసం గాజుతో నింపిన రాయి అది. పగుళ్ళు నింపి అమ్మడం తప్పు కాదు, నింపానని చెప్పకపోవడం తప్పు. నేను మెసేజ్ పెట్టేసరికి అతను గ్రూపులో లేడు, నంబర్ లేదు, ఊరు తెలియదు. డబ్బు కంటే ఆ రాయి కోసం కూర్చున్న రెండు ఆదివారాలు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. అప్పట్నుంచి కొత్త మనిషి "ఏ గ్రేడ్" అనగానే నాకు ఆ నీలం తళుకే కనిపిస్తుంది.

ఇంకోటి, సాన పట్టిన రాయి వేరు, రఫ్ వేరు. రఫ్ మీద గరుకు చర్మం ఉంటుంది, లోపల పగులు ఎంత దూరం పోయిందో నీకూ తెలియదు నాకూ తెలియదు. పది గ్రాములు కొంటే కోశాక రెండు మూడు గ్రాములు మిగిలితే మంచి రాయి దొరికినట్టే, కానీ డబ్బు మాత్రం పది గ్రాములకీ ఇవ్వాలి. అంటే మేము కొనేది రాయి ఒక్కటే కాదు, రాయిని చూసి నువ్వు చెప్పిన మాటను కూడా కొంటాం. ఆ మాట ఎలాంటిదో తెలియకుండా ఎవరు కొంటారు చెప్పు.

కాబట్టి ముందు ఫోటోలు మార్చు. ఒకే రాయిని పొడిగా ఒకటి, నీళ్ళలో ముంచి ఒకటి, వెనక నుంచి లైట్ వేసి ఒకటి, కిటికీ దగ్గర పగటి వెలుగులో ఒకటి, ట్యూబ్‌లైట్ కింద ఒకటి. నీళ్ళలో పెడితే గరుకు చర్మం మాయమై లోపలి పగులు కనిపిస్తుంది, అందుకే కొందరు ఆ ఫోటో పెట్టరు. నూనె మాత్రం రాయకు, పగుళ్ళు దాచావనుకుంటారు. కింద గ్రాఫ్ పేపర్ పెట్టు, పక్కన నీ చేత్తో పేరు, తేదీ రాసిన చీటీ పెట్టు, అప్పుడు నెట్‌లోదా అని నాలాంటివాడు అడగడు. పగులు ఎక్కడుందో బాణం గుర్తు వేసి నువ్వే చూపించు. నేను అడిగాక చూపిస్తే అది సంజాయిషీ అవుతుంది, అడగకముందే చూపిస్తే రెండో రాయి కూడా నీ దగ్గరే కొంటాను.

వికారాబాద్_అగేట్లు:

తమ్మీ, మనసు చిన్నబుచ్చుకోకు. నేను తొమ్మిదేండ్ల సంది ఈడ అమ్ముతున్న, వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరేగడి చెలకలల్ల దొరికే అగేట్లు, ఇంకా మహారాష్ట్ర నుంచి తెచ్చిన జియోలైట్లు. నా మొదటి రాయి అమ్ముడుపోనీకి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు ఏం చేసిన అంటే, దొరికిన రాళ్ళను చూపించిన, ఏ వాగుల దొరికింది, కోస్తే లోపల ఎట్లున్నది, మూడు కోస్తే రెండు ఉత్తయే అయినయని ఆ ఉత్త ముక్కల ఫోటోలు కూడా పెట్టిన. ఎవరన్నా "ఇది ఏం రాయి" అని అడిగితే తెలిస్తే చెప్పిన, తెల్వకుంటే తెల్వదన్న. ఆఖరికి వాళ్ళే అడిగిన్రు, అన్నా నువ్వు అమ్ముతవా అని. నెలలు లెక్కబెట్టుకుంట కూసుంటే కాదు, వాళ్ళు అడిగేదాక అమ్ముడు మాట ఎత్తకు.

ఒక్క ముచ్చట చెప్త. వరంగల్ల ఒక టీచరమ్మకు పంపిన రాయి, ఇంటికి పోయినంక ఫోటోల ఉన్నంత ఎరుపు లేదన్నది. నా ఫోను కెమెరా రంగు పెంచింది, నాకు తెల్వకుండనే. పైసలు వెంటనే వాపస్ పంపిన, రాయి వాపస్ పంపే ఖర్చు గూడ నేనే పెట్టుకున్న. ఆ అమ్మ గ్రూపుల నాలుగు లైన్లు రాసింది అంతే, ఆ నెలల నాకు వచ్చినన్ని ఆర్డర్లు అంతకు ముందు ఎన్నడు రాలేదు.

రేటు అందరి ముందట రాయి. ఇన్‌బాక్స్‌ల రేటు అన్నవంటే మనిషిని చూసి రేటు చెప్తడు అనుకుంటరు, నిజమే గదా మరి. గ్రాముకి ఇంత అనో లాటుకి ఇంత అనో రాసెయ్. గ్రాముకి ఐదు క్యారెట్లని తెలిసినోడు గూడ తొందరల క్యారెట్ రేటును గ్రాము రేటు అనుకుంటడు, అందుకే రెండూ రాయి. ఏడు రోజుల్ల వాపస్ తీసుకుంటనని రాయి, మెషిన్ మీద పెడితే మాత్రం వాపస్ లేదని గూడ రాయి. మొదటి లాటు చిన్నగ పెట్టు, యాభై గ్రాములు, వంద గ్రాములు, రెండు కిలోలు ఒక్కపారే చూపిస్తే భయపడతరు. ఫ్రీ శాంపిల్స్ వద్దు, ఫ్రీగ తీసుకున్నోడు మొహమాటానికి మంచిగుంది అంటడు, ఆ మాటకు ఎవరూ ఇలువియ్యరు. పార్సిల్ స్పీడ్ పోస్టుల పంపు, ప్యాక్ చేసేటప్పుడు నువ్వు, విప్పేటప్పుడు వాళ్ళు వీడియో తీసుకోవాలె, గిది ముందే మాట్లాడుకో.

మీ మామ కొన్న బిల్లులు, చీటీలు ఏమన్న ఉన్నయా వెతుకు. ఒడిశాల లీజు లేకుండ తవ్వుడు చాన జరిగింది, మన తెలుగోళ్ళకు నర్సీపట్నం వైపు రంగురాళ్ళ కథ తెల్వంది కాదు, మట్టిపెళ్ళలు కూలి మనుషులే పోయిన్రు ఆ దొంగ తవ్వకాలల్ల. అందుకని ఈ రాయి యాడిది అంటే జవాబు ఉండాలె. ఉన్నది ఉన్నట్టే చెప్పు, కొత్త పేర్లు అతికించకు. చానామంది హైదరాబాద్ అనంగనే గోల్కొండ పేరు పెడతరు, గోల్కొండల వజ్రాల బేరం నడిచింది గని గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు అసొంటి ఊర్లల్ల ఉండె. ఈడున్నోళ్ళకు గది తెలుసు, ఆ పేరు కనవడితే ముందటికి పోకుండ ఆడనే ఆగిపోతరు.

తార్నాక_జియాలజీ:

నేను జియాలజీ పాఠాలు చెప్తానండి, అందుకని "కెంపు" డబ్బా గురించే రాస్తాను, మిగతావి పైనవాళ్ళు బాగా చెప్పారు.

బాబూ, ఆ డబ్బాను కెంపు అని అమ్మకండి, ఇప్పుడే కాదు. కలహండి, బలంగీర్ ప్రాంతంలో కెంపులు దొరకడం నిజమే, కానీ గార్నెట్లు అంతకంటే చాలా ఎక్కువ దొరుకుతాయి, రెండూ ఎర్రగా, బరువుగా ఉంటాయి. ఇంట్లోనే చేయగల పరీక్షలు ఉన్నాయి. ఒక గిన్నెలో నీళ్ళు పోసి చిన్న థర్మాకోల్ ముక్క మీద రాయి పెట్టి తేలనివ్వండి, గట్టి నియోడిమియం అయస్కాంతాన్ని రాయికి దగ్గరగా, తగలకుండా తీసుకురండి. ఎర్ర గార్నెట్లలో ఇనుము ఎక్కువ కాబట్టి థర్మాకోల్‌తో సహా అయస్కాంతం వైపు జరుగుతుంది. కెంపు మామూలుగా కదలదు. తర్వాత చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేయండి, గార్నెట్ మామూలుగా నల్లగా ఉండిపోతుంది, కెంపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. ఇక్కడ జాగ్రత్త, ఇనుము ఎక్కువున్న కెంపు మసగ్గా వెలుగుతుంది, ఫ్యాక్టరీలో చేసిన కెంపు ఇంకా బాగా వెలుగుతుంది. 1902 నుంచే వెర్నాయ్ పద్ధతిలో (పొడిని మంటలో కరిగించి) కెంపులు తయారవుతున్నాయి, వాటిని పగలగొట్టి, రుద్ది రఫ్ అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి వెలిగితే కెంపు జాతి కావచ్చు అనాలి, అంతకు మించి అనకూడదు.

సాంద్రత కూడా చూడండి. నగల షాపుల్లో వాడే చిన్న డిజిటల్ కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చేయండి, రాయిని దారంతో కట్టి అడుగు తగలకుండా ముంచండి, కాటా చూపించిన అంకెతో రాయి పొడి బరువును భాగించండి. 4.20 గ్రాముల రాయికి 1.09 వచ్చిందంటే సుమారు 3.85, మీ ద్రాక్షరంగు గార్నెట్లు దాదాపు అక్కడే ఉండాలి. తేనెరంగువి 3.65 దగ్గర వస్తే గోమేధికాలు అయ్యే అవకాశం బాగా ఉంది, లూప్‌లో చూస్తే లోపల పంచదార పాకం నీళ్ళలో కలుస్తున్నట్టు మెలికలు మెలికలుగా కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. 2.5 చుట్టూ వస్తే అది మామూలు గాజు కావచ్చు, పక్కన పెట్టండి. కానీ కెంపు 4.00, ముదురు ఎర్ర గార్నెట్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి, ఆ రెంటినీ విడదీయడానికి కాటా పనికిరాదు.

ల్యాబ్ రిపోర్ట్ ప్రతి రాయికీ అక్కర్లేదు, అంత ఖర్చు గార్నెట్ రఫ్ మొయ్యలేదు. అన్ని పరీక్షలూ దాటిన వాటిలో పెద్దవి ఒకటి రెండు చాలు. ఈ పరీక్షలన్నీ చేస్తూ ఒక్కొక్కటీ గ్రూపులో పెట్టండి, తప్పు వచ్చినవి కూడా. మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి, పక్కన పెట్టి రంగు, సాంద్రత పోల్చి చూడొచ్చు. ఆ గుట్ట రాళ్ళు పుదుచ్చేరి పక్కన అరికమేడులో పూసలుగా తయారై రెండు వేల ఏళ్ళ క్రితమే సముద్ర వ్యాపారంలోకి వెళ్ళాయని పరిశోధకులు రాళ్ళలోని రసాయనాలు చూసి చెప్పారు. గ్రూపులో ఇలాంటి పోలిక ఇష్టపడని వాళ్ళు లేరు. మీ మామయ్య చేతిరాత చీటీలు మాత్రం పారేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఏ రాయి ఏ డబ్బాలోదో తెలియడం చాలా విలువైన విషయం, డబ్బాలు కలిపేశారంటే మళ్ళీ తెలుసుకోలేరు.

మల్కాజ్‌గిరి_కుర్రాడు:

అందరికీ చాన థ్యాంక్స్. నాలుగు రోజులు రాయలేదు, అయస్కాంతం, టార్చ్ కోఠిల తెచ్చుకుని రాత్రిళ్ళు ఇదే పని చేసిన. కెంపు డబ్బాల 31 రాళ్ళు ఉన్నయి. 26 అయస్కాంతం వైపు జరిగినయి. మిగిలిన అయిదు జరగలే, టార్చ్ వేస్తే మూడు ఎర్రగ వెలిగినయి, రెండు చిన్నగ. వీడియోలు కింద పెట్టిన, ఏదీ ఎడిట్ చేయలే.

నిజం చెప్పాలంటే ఆ 26 జరుగుతుంటే ఏడుపొచ్చింది. మామ ఆ డబ్బాను బీరువాల పెట్టి తాళం వేసేటోడు, కెంపులని నమ్మే కొన్నడు, ఎవరో ఆయనకు అట్ల చెప్పి అమ్మిన్రు. నేను గూడ ఆదివారం అదే మాట మీకు చెప్పిన, తెల్వక చెప్పిన గని చెప్పిన. ఆ పోస్టు చూసి ఎవరన్నా కొనాలనుకుంటే దయచేసి కొనకుండ్రి. అత్తమ్మకు గూడ చెప్పిన, జూన్‌కి ఇవి అమ్ముడు కావు, ఫీజు మొదటి కిస్తీ నేను చిట్టీ ఎత్తి కడత అని. ఆమె సరే అన్నది. బిల్లులు రెండే దొరికినయి, 2009వి, అవి గార్నెట్లవి.

నాచారం_ఫేసెటర్:

వీడియోలు చూశాను తమ్ముడూ. ఆదివారం పొద్దున వీలైతే ద్రాక్షరంగువాటిలో ఓ పది, ఆ అయిదు రాళ్ళు పట్టుకుని మా ఇంటికి రా, ఇన్‌బాక్స్‌లో అడ్రస్ పెడతాను. గార్నెట్లలో నువ్వు చూపించినదాన్ని నీ ముందే కోస్తాను, ఎంత మిగిలిందో, లోపల ఏం బయటపడిందో ఇద్దరం కలిసి గ్రూపులో పెడదాం, మంచిగా వచ్చినా చెడుగా వచ్చినా. బాగుంటే యాభై గ్రాములు నేను తీసుకుంటాను, రేటు నువ్వే అందరి ముందు రాయి. ఆ అయిదింటినీ నేను కొయ్యను, వాటిని తార్నాక మేడమ్ గారు చూడాలి.

తార్నాక_జియాలజీ:

నేనూ వస్తానండి, డైక్రోస్కోప్ తెస్తాను, రాయిలోని రంగులను విడదీసి చూపించే చిన్న గొట్టం అది. కెంపు అయితే రెండు రంగులు చూపిస్తుంది, గార్నెట్ అయితే ఒకటే.

మల్కాజ్‌గిరి_కుర్రాడు:

తప్పకుండ వస్తా అన్నా, మేడమ్. డబ్బాలు వేటికవే ఉంచిన, మామ చీటీ గూడ తీయలే. దాని కింద ఇంకో చీటీ అతికించి పెన్సిల్‌తోని "26 గార్నెట్, 5 చూడాలె" అని రాసిన. అత్తమ్మ గూడ వస్తనంటున్నది, తీస్కరావచ్చునా?