గ్రూప్-2 తేదీ తేలనప్పుడు చదువు ఆగకుండా ఉండాలంటే? వాయిదాలు, సిలబస్ మార్పులు తట్టుకోవడం ఎలా?

హన్మకొండ_రీడర్:

అందరికీ నమస్తే. ప్రైవేటు ఉద్యోగం చేస్తూ తెలంగాణ గ్రూప్-2కి చదువుతున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు. పరీక్ష తేదీ ఖాయమైతే అలసటగా ఉన్నా కూర్చోగలను. తేదీ జరిగిందంటే మాత్రం పుస్తకం మూతపడుతుంది, మళ్లీ తెరవడానికి వారాలు పడుతుంది. పోయినసారి సంగతి మీకందరికీ తెలిసిందే. 2023 ఆగస్టు 29, 30 అన్నారు. నవంబరుకు, అక్కణ్ణుంచి 2024 జనవరికి, తర్వాత ఆగస్టుకు జరిపారు. చివరికి డిసెంబర్ 15, 16న పెట్టారు. ఈసారీ అలాగే జరిగితే చదువు నిలబడేదెలా? మధ్యలో సిలబస్‌గానీ పేపర్ల పద్ధతిగానీ మారితే మళ్లీ మొదటి నుంచి చదవాలా? "మనసు పెట్టు", "పట్టుదల ఉండాలి" లాంటి మాటలు చాలా విన్నాను. రోజూ ఏం చేయాలో చెప్పేవాళ్లు కావాలి.

పాతపేపర్లు:

తేదీ ఉంటే అలసటలోనూ కూర్చునే మనిషికి పట్టుదల లేదనడం తప్పు. మీ చదువంతా పరీక్ష తేదీకి కట్టేసి ఉంది, అదీ ఇబ్బంది. గమ్యం దగ్గరపడేకొద్దీ పరుగు పెరుగుతుందని క్లార్క్ హల్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1932లోనే ఎలుకలతో చేసిన ప్రయోగాలను బట్టి ప్రతిపాదించాడు. ఆ గమ్యాన్నే నాలుగు నెలలు వెనక్కి నెడితే వేగం పడిపోతుంది. ఎవరికైనా అంతే.

అందుకని గమ్యాన్ని మీ చేతిలో ఉన్నదానికి మార్చుకోండి. పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ తేదీ మీ చేతిలో లేదు. వారం మీ చేతిలో ఉంది. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక లెక్క పెట్టుకోండి: రెండు కొత్త అధ్యాయాలు, 150 బిట్లు, పాతది ఒక విడత రివిజన్. ఆదివారం రాత్రి అది పూర్తయిందో లేదో చూసుకోవాలి. నోటిఫికేషన్ వచ్చినా రాకపోయినా ఈ లెక్క మారదు.

ఇక రోజు సంగతి. ఉద్యోగస్తులకు కనీసం అంటే 40 నిమిషాలు, అంతకంటే ఎక్కువ పెట్టొద్దు. మొదటి 10 నిమిషాలు నిన్న చదివింది పుస్తకం చూడకుండా తెల్లకాగితం మీద రాయాలి. తర్వాత 25 నిమిషాలు కొత్తది చదవాలి. చివరి 5 నిమిషాల్లో ఆ కొత్తదాని మీద మీరే అయిదు ప్రశ్నలు తయారుచేసి పెట్టుకోవాలి, రేపటి తెల్లకాగితం పని వాటితోనే మొదలవుతుంది. ఓపిక ఉన్న రోజున రెండు మూడు గంటలు చదవండి, తప్పులేదు. కానీ ఆ ఊపులో కనీసాన్ని రెండు గంటలకు పెంచకండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నెలాఖరు పని ఒత్తిడి రాగానే రెండు గంటలు కుదరవు, కుదరలేదు కాబట్టి అసలే మానేస్తారు. 40 నిమిషాలైతే జ్వరం వచ్చిన రోజు తప్ప మిగతా రోజుల్లో కుదురుతుంది.

సమయం కూడా గడియారంతో కాకుండా రోజూ ఎలాగూ చేసే పనితో ముడిపెట్టండి. "ఎనిమిదికి చదువుతాను" అనుకుంటే ఎనిమిదీ పది కాగానే ఇవాళ్టికి పోయిందనిపిస్తుంది. "ఇంటికొచ్చి టీ తాగి గ్లాసు కింద పెట్టగానే పాలిటీ పుస్తకం తెరుస్తాను" అనుకుంటే ఆలస్యమైనా పని మిగిలే ఉంటుంది. "ఇది జరిగితే అది చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్న పని ఎక్కువగా పూర్తిచేస్తారని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో వివరించాడు. అడ్డంకులకూ ఇలాగే: "కరెంటు పోతే ఫోన్ లైటులో బిట్లు చేస్తాను", "చుట్టాలొస్తే పొద్దున ఆరింటికి లేచి పూర్తిచేస్తాను". రెండు మూడు చాలు, రాసి గోడకు అంటించండి.

ఒక రోజు తప్పిపోతే కంగారు పడకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్కకట్టారు. మధ్యలో ఒకసారి తప్పడం వల్ల అలవాటు చెడిపోలేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందని చెప్పేవాళ్ల మాట పట్టుకుంటే ఇరవై రెండో రోజు బద్ధకం వేసి "నావల్ల కాదు" అనుకుంటారు. వరసగా రెండు రోజులు తప్పకుండా చూసుకోండి, అంతే.

ఎర్రర్‌బుక్:

పై సమాధానంలో తెల్లకాగితం మాటను తేలిగ్గా తీసుకోకండి. 2006లో మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, ఒకసారి చదివి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు దాటిపోయారు. మళ్లీ చదువుతుంటే "ఇదంతా నాకొచ్చు" అనే తృప్తి కలుగుతుంది. అది పరీక్ష హాలు దాకా నిలవదు. వాయిదా తర్వాత పుస్తకం తెరిస్తే అంతా మరిచిపోయినట్టు అనిపించి నీరసం రావడానికి కూడా ఇదే ముఖ్య కారణం.

దీనికి తోడు తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, ఒక్కో తప్పుకు ఒక వరస. ప్రశ్న దేని గురించి, నేను పెట్టింది ఏది, సరైనది ఏది, ఎందుకు తప్పింది. ఈ నాలుగో గడి నింపకపోతే పుస్తకం వల్ల లాభం లేదు. కారణాలు దాదాపు ఎప్పుడూ నాలుగే: అసలు తెలియదు, తెలిసినా గుర్తురాలేదు, రెండు విషయాలు కలిసిపోయాయి, ప్రశ్నలో "కానిది" అన్న మాట చూసుకోలేదు. తెలియకపోతే పుస్తకానికి వెళ్లాలి. గుర్తురాకపోతే తెల్లకాగితం మీద రాసే రోజులు పెంచాలి. ప్రశ్న సరిగ్గా చదవకపోతే "కానిది", "సరికానిది" కింద గీత గీసే అలవాటు చేసుకోవాలి. మిగిలిన రకం, కలిసిపోవడం, గ్రూప్-2లో ఎక్కువ మార్కులు తినేస్తుంది. దానికి మందు ఆ విషయాలను పక్కపక్కన పెట్టి ఏది దేనివల్ల వచ్చిందో రాయడం.

ఉదాహరణకి రాజ్యాంగంలోని 371-డి అధికరణ చూడండి, ఉద్యోగాల్లో, చదువుల్లో రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలవాళ్లకు సమాన అవకాశాల గురించినది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం. దానికి రాజ్యాంగ బలం ఇవ్వడానికి 32వ సవరణ చట్టం 1973, దాంతోనే 371-డి వచ్చింది. అమల్లోకి వచ్చింది 1974 జూలై 1న. ఆ అధికరణ కింద, ఉద్యోగాల్లో స్థానికుల వాటా తేల్చుతూ 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వులు. ఉత్తర్వులను ఉల్లంఘించి జరిగిన నియామకాలను సరిదిద్దడానికి 1985 డిసెంబర్ 30న 610 జీవో. ఏళ్లు విడిగా బట్టీ పడితే 1973, 74, 75 కలిసిపోతాయి. ఒకదాని వెనుక ఒకటి ఎందుకొచ్చిందో రాసుకుంటే వరస తప్పదు.

మాక్ టెస్టు రెండు వారాలకొకటి, ఆదివారం పొద్దున 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, ఓఎంఆర్ షీటు మీద. టెస్టు రెండున్నర గంటలైతే తప్పులు చూసుకోవడం కనీసం మూడు గంటలు ఉండాలి. మార్కులతో పాటు "రెండు కలిసిపోయాయి" రకం తప్పులు ఎన్నో ఒక కాగితం మీద రాస్తూ పోండి. మార్కులు పేపర్‌ను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఆ తప్పుల సంఖ్య మాత్రం నిజంగా చదివితే తగ్గుతుంది. నెలల తరబడి పరీక్ష లేనప్పుడు ముందుకు పోతున్నామని చూపించేది అదే.

ఆంధ్రా గ్రూప్-2 కూడా రాసేవాళ్లకు ఒక మాట. అక్కడ తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున లాభం సున్నా. ఒకటి కచ్చితంగా కాదని తెలిస్తే సగటున 1/9 మార్కు లాభం, రెండు కాదని తెలిస్తే 1/3. కాబట్టి ఒక్కటైనా కొట్టేయగలిగితే బబుల్ చేయడమే మేలు. తెలంగాణ గ్రూప్-2లో నెగెటివ్ లేదు, ఒక్క బబుల్ కూడా ఖాళీగా వదలొద్దు.

సర్కారు_సిలబస్:

సిలబస్ మారడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను చెప్తాను. మంచి ఉదాహరణ ఏపీ గ్రూప్-2. పాత పద్ధతిలో స్క్రీనింగ్ 150 మార్కులు, మెయిన్స్ మూడు పేపర్లు 450. కొత్త పద్ధతిలో ప్రిలిమ్స్ 150, మెయిన్స్ రెండు పేపర్లు 300. మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ పేపర్ తీసేశారు, ఎకానమీ పక్కన సైన్స్ అండ్ టెక్నాలజీ చేర్చారు, ప్రిలిమ్స్‌లో భారతీయ సమాజానికి విడిగా 30 మార్కులిచ్చారు. వార్త రాగానే చాలామంది చదివిందంతా వృథా అనుకున్నారు. నిజానికి ఏపీ చరిత్ర, రాజ్యాంగం, ఎకానమీ ఉన్నచోటే ఉన్నాయి.

మార్పు వచ్చిన రోజు కొత్త పుస్తకాలు కొనకండి, కోచింగ్‌కి డబ్బు కట్టకండి. రెండు సిలబస్‌లూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి లైను లైనుకీ గుర్తు పెట్టండి: ఉన్నది అలాగే ఉంది, చోటు మారింది, కొత్తది, పోయింది. గంటన్నర పని. తర్వాత చూడాల్సింది కొత్తవి ఎన్ని మార్కులకు ఉన్నాయన్నది. 150లో 30 అయితే మీ సమయంలో అయిదో వంతు చాలు. కొత్త అంశం భయపెడుతుంది కాబట్టి జనం నెలంతా దానికే పోసేసి, బాగా వచ్చిన పాలిటీని పాడుచేసుకుంటారు. ఇది చాలా తరచుగా జరిగే తప్పు.

వాయిదాకు కూడా ఇలాంటి పద్ధతే ఉంది. చదివేదాన్ని రెండు రకాలుగా విడదీసి పెట్టుకోండి. చరిత్ర, రాజ్యాంగం, భూగోళం, తెలంగాణ ఉద్యమం నిలవ ఉండేవి. బడ్జెట్ అంకెలు, రాష్ట్ర ప్రభుత్వం ఏటా తెచ్చే సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్‌లోని లెక్కలు, కరెంట్ అఫైర్స్ ఏడాది తిరిగేసరికి పాతబడేవి. ఈ రెండో రకాన్ని పరీక్షకు చివరి 45 రోజుల్లోనే గట్టిగా చదవాలి. వాయిదా పడిందనగానే వాటిని పక్కన పెట్టి నిలవ ఉండే వాటికి మళ్లండి. ఏపీలో 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ జరిగితే మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. మధ్యలో కొత్త బడ్జెట్ వచ్చేసింది. ముందే అంకెలు బట్టీ పట్టినవాళ్లు రెండోసారి పట్టాల్సి వచ్చింది.

వాయిదా వార్త వచ్చిన రోజు, మర్నాడు విశ్రాంతి తీసుకోండి. మూడో రోజు అదే 40 నిమిషాలతో, మీకు బాగా వచ్చిన అధ్యాయంతో మొదలుపెట్టండి. కష్టమైనదానితో మొదలుపెడితే మళ్లీ మూసేస్తారు.

హన్మకొండ_రీడర్:

అందరికీ చాలా థ్యాంక్స్. టీ గ్లాసు పద్ధతి ఇవాళే మొదలుపెడతాను. ఇంకో రెండు సందేహాలు. టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజుకో తేదీ పుట్టిస్తున్నారు, చూడకపోతే ఏదైనా తప్పిపోతానేమోనని భయం. ఇంకోటి, ఎంతకాలం ఇలా? ఇంట్లో అడుగుతున్నారు.

పాతపేపర్లు:

గ్రూపులు మ్యూట్ చేసి, కమిషన్ వెబ్‌సైట్‌ను వారానికి ఒకసారి, శనివారం పూట చూడండి. నోటిఫికేషన్ వస్తే దరఖాస్తుకు వారాల గడువు ఉంటుంది, ఏదీ తప్పిపోదు. ఉత్సాహం కోసం వీడియోలు చూసే అలవాటుంటే దాన్నీ ఆపండి. చూసినంతసేపు ఊపు వస్తుంది, ఆ అరగంటే మీ 40 నిమిషాల్లోంచి పోతుంది.

రెండో_దారి:

ఎంతకాలం అన్నది ఇప్పుడే, మనసు బాగున్నప్పుడే తేల్చి కాగితం మీద రాయండి తమ్ముడూ. ఫలితం వచ్చిన రాత్రి తీసుకునే నిర్ణయం ఏదైనా సరిగ్గా ఉండదు. "ఫలానా సంవత్సరం చివరిదాకా, లేదా ఇంకో నోటిఫికేషన్ దాకా, ఏది ముందైతే అది" అని రాసి ఇంట్లోవాళ్లకి చూపించండి. వాళ్లకి కావాల్సింది కూడా ఒక తేదీయే, అది తెలిస్తే రోజూ అడగడం తగ్గుతుంది. ఆ లోపల ఉద్యోగం మానకండి. జీతం ఆగితే ప్రతి వాయిదా అప్పు రూపంలో వచ్చి మీద పడుతుంది, అప్పుడు 40 నిమిషాలు కూడా మనసు నిలవదు. కాగితం మీద ఇంకో షరతు కూడా ఉండాలి: ఆరు నెలల మాక్‌లలో పైన చెప్పిన "రెండు కలిసిపోయాయి" రకం తప్పుల సంఖ్య తగ్గకపోతే చదివే పద్ధతి మార్చాలి, లక్ష్యం మార్చక్కర్లేదు.

గ్రూప్-3ని కూడా లెక్కలోకి తీసుకోండి. పోయినసారి 2024 నవంబర్ 17, 18న జరిగింది, మూడు పేపర్లు, 450 మార్కులు. జనరల్ స్టడీస్, చరిత్ర-పాలిటీ-సమాజం, ఎకానమీ. గ్రూప్-2లో ఇవే మూడూ ఉండి, పైన తెలంగాణ ఉద్యమం నాలుగో పేపర్. అంటే ఒకే చదువుతో రెండు పరీక్షలు, ఒకటి జరిగినా రెండోది చేతిలో ఉంటుంది.

హన్మకొండ_రీడర్:

అలాగైతే నాలుగో పేపర్‌ను చివరికి ఉంచుకోవాలా అన్నా?

రెండో_దారి:

వద్దు, ఇప్పుడే చదవండి. అది పూర్తిగా నిలవ ఉండే పేపర్. 1948–1970, 1971–1990, 1991–2014 అని మూడు భాగాలు, ఒక్కోదానికి 50 మార్కులు. తేదీ లేని ఈ కాలంలో మధ్య భాగంతో మొదలుపెట్టండి. పైన రాసిన 371-డి, 610 జీవో వరస అందులోదే, పాలిటీలోనూ పనికొస్తుంది. తర్వాత వెనక్కి వెళ్లి 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం చదివితే ఆరు సూత్రాల పథకం ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది. మూడో భాగంలో కమిటీలు, తేదీలు ఎక్కువ, దానికి వారానికి రెండు తెల్లకాగితాలు అదనంగా పెట్టుకోండి.